పేరు పిలవని గొంతు

"ఫోన్‌లో వాడు నిన్ను ఏమని పిలిచినాడమ్మా?"

డిటెక్టివ్ చెంగల్రాయుడు ఈ ప్రశ్న అడగడం రెండోసారి. మొదటిసారి అడిగినప్పుడు ఆమె ఏడుస్తూ ఉంది. ఇప్పుడు ఏడుపు ఆగింది కానీ, కొంగు మాత్రం ముఖం మీద నుంచి దిగలేదు. కళ్ళు తప్ప ఇంకేమీ కనబడడం లేదు.

"అమ్మా అన్న్యాడు సార్. అంతే."

"పేరు?"

"పేరు పెట్టి పిలవలేదు. రెండు తూర్లు ఫోన్ చేసినాడు. రెండు తూర్లూ అమ్మా అనే అన్న్యాడు."

మదనపల్లెలో డాక్టర్ జయచంద్ర నడిపే రక్తపరీక్ష కేంద్రం అది. బోర్డు మీద చక్కెర, ఉప్పు, కామెర్లు అని ఎన్ని రాసినా, ఊరికి తెలిసింది ఒకటే: ఎయిడ్స్ పరీక్ష చేసేది అక్కడే. రెండు వేల రెండో సంవత్సరం. ఆ మాట నోటితో పలికితేనే అంటుకుంటుందేమో అన్నట్టు జనం భయపడే రోజులు. పరీక్షలో రోగం ఉందని తేలినవాళ్ళకు నెల రోజులుగా ఎవడో ఫోన్లు చేస్తున్నాడు. డబ్బు ఇస్తావా, మీ ఊళ్ళో చెప్పమంటావా అని. రామసముద్రం మనిషి ఒకడు రెండుసార్లు ఇచ్చి, మూడోసారి ఇవ్వలేక బావిలో దూకాడు. అప్పుడు గానీ పోలీసులకు కేసు రాలేదు, డాక్టరుకు నిద్ర పట్టకపోవడం మొదలు కాలేదు.

డాక్టరు వచ్చి రాయుడి కాళ్ళావేళ్ళా పడ్డాడు. రాయుడు ఒకప్పుడు పుంగనూరులో సి.ఐ. పైవాళ్ళతో పడక ఉద్యోగం వదిలేసి ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాడు. మదనపల్లెలో డిటెక్టివ్ అంటే పెళ్ళికొడుకు తాగుతాడా తాగడా అని వాకబు చేసేవాడని లెక్క. చాలా ఏళ్ళకు అసలైన కేసు వచ్చిందని రాయుడు సంతోషించలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. రోగుల పేర్లు తనకు చెప్పకూడదు.

"పేర్లు తెలియకుండా ఎలా పరిశోధిస్తారండీ?" అన్నాడు డాక్టరు.

"పెదవి దాటితే పృథ్వి దాటుతుందంటారు. నా పెదవేమన్నా ఇనుముతో చేసినారా డాక్టరుగారూ?"

అందుకే ఎదురుగా కూర్చున్న ఆడమనిషి అతనికి పదిహేడో నంబరు కార్డు మాత్రమే. ఊరు చౌడేపల్లె పక్క పల్లె. మొగుడు లారీ డ్రైవరు, పోయినేడు చచ్చిపోయాడు. ఇంట్లో ముసలి అత్త, ఆరేళ్ళ కూతురు, రెండు ఆవులు. ఒక ఆవును అమ్మి, ఆ డబ్బు ఆ గొంతువాడు చెప్పిన చోట పెట్టి వచ్చింది, మనిషిని చూడలేదు. మళ్ళీ కావాలంటున్నాడు.

"ఈ సంగతి తెలిస్తే నా పాలు ఎవురు పోయించుకుంటారు సార్? రోగం పాలల్లో పోదని యమునమ్మ చెప్పింది. నాకు తెలుసు. మా ఊరికి తెల్దు గదా. నేను సచ్చేది ఎట్లా సస్తాను. నా బిడ్డ తినాల."

పోలీసు ఉద్యోగంలో ఎన్నో శవాలను చూసిన రాయుడికి, బతికున్న మనిషి ఇంత మెల్లగా మాట్లాడుతుంటే వినడం కష్టమైంది.

"నీ సంగతి ఏ నోటి నుంచీ బయటికి రాదు. నేను మాట ఇస్తాండాను. ఫోన్ యాడికి వచ్చిందమ్మా?"

"మా ఊరికంతా ఫోను పాల కేంద్రంలోనే ఉండాది. సెక్రెటరీ పిలిపించినాడు. పొద్దున చేసినోళ్ళే మళ్ళా చేసినారు, రా అన్న్యాడు."

"పొద్దున చేసింది ఎవురు?"

"యమునమ్మ. రిపోర్టు వచ్చింది, ఒకసారి వచ్చిపో అని."

ఆమె లేచింది. సాయంత్రం పాలు పిండే వేళకు ఊరు చేరాలి. చెప్పులు వేసుకుంటూ, "మాట ఇచ్చినారు సార్" అని గుర్తు చేసి మరీ వెళ్ళింది.

యమున ఆ కేంద్రంలో కౌన్సిలరు. రోగం ఉందని తేలినవాళ్ళను కూర్చోబెట్టి, ధైర్యం చెప్పి, మందుల సంగతి చూసే పిల్ల. వారం రోజులుగా తిండి మానేసినట్టుంది, కళ్ళ కింద నల్లబడింది. అందరి అనుమానమూ మొదట తన మీదికే వస్తుందని ఆమెకు తెలుసు.

"బీరువా తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి?"

"ఒకటి డాక్టర్ గారి దగ్గర. ఒకటి నారాయణస్వామి దగ్గర. నా దగ్గర లేదు సార్."

నారాయణస్వామి అటెండరు. వాల్మీకిపురం మనిషి. తాళం ఉన్న పాపానికి నిన్న పోలీసులు తీసుకుపోయారు.

"బీరువాలో ఫైళ్ళ మీద ఏముంటాది?"

"పేరు, ఊరు, ఫోన్ నంబరు. ఎక్కువ మందికి సొంత ఫోను ఉండదు సార్. పక్కింటిదో, అంగడిదో నంబరు ఇస్తారు."

"అంటే బీరువా తెరిచినవాడికి పేరు తెలియాల."

యమున తలెత్తి చూసింది.

"పేరు తెలిసినవాడు పేరుతోనే బెదిరిస్తాడమ్మా. పేరు పిలిస్తే సగం ప్రాణం అక్కడే పోతాది. వీడు ఒక్కరిని కూడా పేరు పెట్టి పిలవలేదు. అంటే వీడు బీరువా తెరవలేదు. నారాయణస్వామిని ఊరికే కొడతా ఉండారు." రాయుడు కుర్చీ ముందుకు జరిపాడు. "రిపోర్టు వచ్చినాక నువ్వు ఏం చేస్తావో మొదట్నుంచి చెప్పు."

"రోగం లేనోళ్ళకి కార్డు రాస్తాము. మీ రిపోర్టు బాగుంది అని. ఉన్నోళ్ళకి మాత్రం కాగితం మీద ఏమీ రాయకూడదని డాక్టర్ గారి రూలు. ఫోన్ చేసి పిలుస్తాను. ఫోన్‌లో కూడా రోగం మాట ఎత్తను. ఒకసారి రా అంటాను, అంతే."

"ఈ ఫోన్ నుంచా?"

"దీనికి ఎస్.టి.డి. లేదు సార్. తీసేయించినారు."

రాయుడు డాక్టరు వైపు తిరిగాడు. జయచంద్ర కొంచెం గర్వంగానే చెప్పాడు. "నేనే తీసేయించానండీ. ఇక్కడి మాట బయటి ఊళ్ళకు పోకూడదని. స్టాఫ్ ఎవరైనా నోరు జారితే?"

"మరి పుంగనూరుకూ చౌడేపల్లెకూ ఎట్లా చేస్తారు?"

"పక్కనే బూత్ ఉంది కదండీ" అన్నాడు డాక్టరు. అన్నాక తన మాట తనకే వినబడింది.

రాయుడికి కోపం రాలేదు, ఏడుపు వచ్చినంత పనైంది. తలుపులకు తాళాల మీద తాళాలు వేసి, గోడకు వీళ్ళే కన్నం పెట్టుకున్నారు. ఆ పిల్ల బూత్‌కు వెళ్ళి ఒక నంబరు తిప్పిందంటే ఆ నంబరు వెనక ఒక రోగి ఉన్నట్టే. రోగం లేనివాళ్ళ కోసం ఆమె బూత్ మెట్లు ఎక్కదు.

"ఆ బూత్ నుంచి నీ సొంత పనికి ఎప్పుడన్నా చేసినావా?"

"మా అక్కకి సార్. కుప్పంలో ఉంటాది." యమున ఆగింది. ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది. "పోయిన వారం అక్క తిట్టింది. ఎవుడో ఫోన్ చేసి, నీ రోగం సంగతి వీధిలో చెప్తానన్న్యాడంట. ఎవురో ఆకతాయి అనుకున్న్యాము."

"మీ అక్క ఫైలు బీరువాలో ఉండాదా?"

"మా అక్కకి ఏ రోగమూ లేదు సార్."

అంతే చాలు. ఆ గొంతు బీరువాను చూసింది కాదు, బూత్‌ను చూసింది.

సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది. సి.ఐ. అరుణ్ కుమార్ లోపలికి వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు రాయుడి చేతి కింద పని నేర్చుకున్న కుర్రాడే. ఇప్పుడు రాయుణ్ణి చూస్తే పాత మేష్టారిని చూసిన మొండి పిల్లవాడిలా ముఖం పెడతాడు.

"పెళ్ళి సంబంధాల సీజన్ అయిపోయిందా రాయుడుగారూ? ఇటు వచ్చారు." జవాబు కోసం ఆగకుండా డాక్టరుతో అన్నాడు. "బీరువా తెరవండి. ఫైళ్ళన్నీ స్టేషన్‌కు తీసుకెళ్తున్నాను."

"అన్నీ యాల సార్?" అన్నాడు రాయుడు.

"సాక్షులు కావాలి. బాధితులు ఎవరో తెలియకుండా కేసు ఎలా కట్టమంటారు?"

"ఆ ఫైళ్ళు మీ స్టేషన్‌లో ఒక్క పూట ఉంటే చాలు. సెంట్రీ చూస్తాడు, టీ తెచ్చేవాడు చూస్తాడు, జామీను కోసం వచ్చినోడు చూస్తాడు. ఆ గొంతుగాడు ఒక్కొక్కరినీ బెదిరిస్తా ఉండాడు. మీరు అందరినీ ఒకేసారి బజారులో నిలబెడతారు."

"మీ నారాయణస్వామి పొద్దున ఒప్పుకున్నాడు, తెలుసా?"

"లాఠీ తగిలితే నేనూ ఒప్పుకుంటాను సార్. మీ తాతను కూడా నేనే చంపినానని ఒప్పుకుంటాను."

అరుణ్ కుమార్ నవ్వలేదు. కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. వాడు బీరువా దగ్గరికి నడిచాడు.

రాయుడికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే ఫైళ్ళు పోతాయి, స్టేషన్‌లో ఆ అటెండరు ఎముకలూ పోతాయి. నోరు తెరిస్తే బూత్ సంగతి ఈ మనిషి చేతికి పోతుంది. ఎక్కువసేపు ఆలోచించే వ్యవధి లేదు. నోరు తెరిచాడు.

"బీరువా వదిలేయండి. ఒక్క గంట ఇస్తే అసలువాణ్ణి పట్టిస్తాను. పేపర్లో పేరూ మీదే, ఫోటో మీదే. నేను పక్కన కూడా నిలబడను."

పేరూ ఫోటో అనగానే సి.ఐ. కానిస్టేబుల్‌ను ఆగమన్నాడు.

పుంగనూరులో రాయుడి దగ్గర ఒకప్పుడు హెడ్డు కానిస్టేబుల్‌గా పనిచేసిన సుబ్రహ్మణ్యం ఇప్పుడు కిరాణా అంగడి పెట్టుకున్నాడు. అంగట్లో ఫోన్ ఉంది. యమున బూత్‌కు వెళ్ళి, రోజూ లాగే అద్దాల గదిలో తలుపు వేసుకుని, ఆ నంబరు తిప్పి, రాయుడు నేర్పిన మాటలు మెల్లగా చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చేసింది. కళ్ళు తుడుచుకోమని ఎవరూ చెప్పలేదు. ఆ గదిలో నిలబడితే ఆమెకు కన్నీళ్ళు వాటంతటవే వచ్చేవి.

బూత్‌కూ పక్కనున్న జిరాక్స్ అంగడికీ మధ్య పలచటి చెక్క అడ్డం. దాని సందులోంచి రాయుడు, సి.ఐ. చూస్తున్నారు. బూత్ నడిపేది సాయికుమార్, పాతికేళ్ళ మనిషి, నున్నగా దువ్విన తల. అతని బల్ల మీద బిల్లు మిషన్. లోపలివాళ్ళు తిప్పిన నంబరు దాని మీద ఎర్రటి అంకెలతో వెలిగి, మాట్లాడినంతసేపూ అతని కళ్ళ ముందే ఉంటుంది. మిషన్ పని అదే. రోజూ వందమంది చూసే అంకెలు. బూత్ అద్దాల మీద గొంతు వినబడకుండా రబ్బరు అతికించారు గానీ, ఈ అంకెల మీద గుడ్డ వేయాలని ఎవరికీ తోచలేదు.

సాయికుమార్ తొందరపడలేదు. గిరాకీ పలచబడ్డాక బయటికి తొంగి చూసి, అద్దాల గదిలోకి తానే పోయి, నంబరు తిప్పాడు. తలుపు పూర్తిగా మూసుకోలేదు.

"పుంగనూరేనాప్పా? ఇందాక మదనపల్లె నుంచి ఫోన్ చేసినాము గదా. ఆ మాట్లాడిన మనిషినే ఇంకొక తూరి పిలువప్పా."

పేరు అక్కర్లేదు. పేరు అవతలివాళ్ళకే తెలుసు. పిలుచుకొచ్చేదీ వాళ్ళే.

సుబ్రహ్మణ్యం పాత పోలీసు, పిలుచుకొచ్చినట్టు నటించి, ఆడగొంతు పెట్టి నాటకం బాగానే ఆడినట్టున్నాడు. కాసేపటికి సాయికుమార్ గొంతు మారింది. "అమ్మా, నీ రక్తంలో ఏముందో నాకు తెలుసు" అని మొదలుపెట్టాడు. సి.ఐ. చెయ్యి అతని మెడ మీద పడేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

"రామసముద్రం మనిషి చచ్చిపోయినాడు తెలుసునా?" అని అడిగాడు రాయుడు.

"అతను రామసముద్రమని నాకు తెల్దు సార్. ఒక్కరి పేరు కూడా నాకు తెల్దు. నాకు తెలిసింది నంబర్లే." సాయికుమార్ నిజంగానే ఆశ్చర్యపోయినట్టు కనిపించాడు. తన నంబర్లలో ఒకటి చనిపోగలదని అతను అనుకోలేదు.

గెలిచామని రాయుడు అనుకున్నది ఆ ఒక్క నిమిషమే. అరుణ్ కుమార్ బిల్లు మిషన్‌ను చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"చేసిన కాల్స్ అన్నీ ఇందులో ఉంటాయి కదూ?"

"సార్." రాయుడి గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆ నంబర్లకు ఫోన్ చేయొద్దు. దోషి దొరికినాడు. మీ కళ్ళతో చూసినారు, మీ చెవులతో విన్నారు. సుబ్రహ్మణ్యం సాక్ష్యం చెప్తాడు. ఆ మనుషులను వదిలేయండి."

"ఒక్క సాక్షి, వాడూ మీ మనిషి. కోర్టులో నిలుస్తుందా? మీకు నేను చెప్పాలా?"

"మీకు చేతులెత్తి దండం పెడతా."

అరుణ్ కుమార్ ఇబ్బందిగా చూపు తిప్పుకున్నాడు. "సరే, చూద్దాం లెండి" అన్నాడు.

చూద్దాం అనే మాటకు పోలీసు శాఖలో అర్థం ఏమిటో రాయుడికి తెలియనిది కాదు. తానే ఎంతమందికి చెప్పి ఉంటాడు. అయినా ఆ పూట నమ్మాడు. స్టేషన్‌కు వెళ్ళి నారాయణస్వామిని విడిపించాడు. అతను నిలబడలేకపోతున్నాడు. రాయుణ్ణి పట్టుకుని ఒక్క మాట అడిగాడు. "నేను ఎవురి పేరూ చెప్పలేదు సార్. ఎంత కొట్టినా చెప్పలేదు. తెలిసింది గదా ఆ పేషెంట్లకి?" తెలిసిందని రాయుడు చెప్పాడు. ఆస్పత్రిలో కట్లు కట్టించి, వాల్మీకిపురం బస్సు ఎక్కించేసరికి ఎండ వాలిపోయింది.

తిరిగి వచ్చేసరికి పరీక్ష కేంద్రంలో ఫోన్ మోగుతోంది. పుంగనూరు నుంచి సుబ్రహ్మణ్యం.

"సార్, ఆ ఫోన్ చేసేవాణ్ణి పట్టుకున్న్యారంట గదా. మరి ఇదేంది? ఇప్పుడే మదనపల్లె స్టేషన్ నుంచి నాకు ఫోన్ వచ్చింది. మీ అంగడికి వచ్చి ఫోన్ మాట్లాడిన ఎయిడ్స్ పేషెంటు ఎవురు, స్టేట్‌మెంటు ఇయ్యాల, పంపించు అంటా ఉండారు. అంగట్లో ఇంత మంది జనం. నేను కాబట్టి సరిపోయింది."

మిషన్‌లో అన్నిటికన్నా కొత్త నంబరు అదే. అక్కడి నుంచి వెనక్కి పోతున్నారన్నమాట.

"పాల కేంద్రం నంబరు తెలుసా?" అన్నాడు రాయుడు. యమున అప్పటికే లేచి నిలబడింది. ఆమెకు నంబరు నోటికి వచ్చు. కానీ ఈ ఫోన్ నుంచి పోదు. బూత్‌కు సి.ఐ. సీలు వేయించి పోయాడు. ఇద్దరూ బస్టాండు దాకా పరుగెత్తారు. అక్కడి బూత్‌లో ఇద్దరు వరసలో ఉన్నారు. రాయుడు వాళ్ళను నెట్టేశాడు. తిట్లు వినబడుతూనే ఉన్నాయి.

ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. మూడోసారి మోగింది.

పాల కేంద్రం సెక్రెటరీ ఎత్తాడు. వెనక క్యాన్ల చప్పుడు, పెద్ద పెద్ద గొంతులు. యమున నోరు తెరిచేలోపే అతను అరిచాడు.

"మీరూ పోలీసోళ్ళేనా? ఇంకేం కావాల? మీ మాట నేను విని ఊరుకున్న్యా బాగుండు. ఎయిడ్స్ ఎవురికి అని నేనే గట్టిగా అడిగేస్తిని. పాలు పోసేదానికి ఊరంతా ఈడనే ఉండ్రి. సిద్దమ్మ వరసలోనే నిలబడి ఉండె."

యమున చేతిలోంచి రాయుడు ఫోన్ లాక్కున్నాడు. "ఆమె యాడ ఉండాది ఇప్పుడు?"

"క్యాన్ ఈడనే పెట్టేసి పోయింది. ఆ పాలు పారబోసినారు. దినామూ అందరి పాలల్లో కలిపితిమి గదా, మా పిల్లోళ్ళు తాగిరి గదా అని ఒకటే గొడవ. అందరూ ఆయమ్మ ఇంటి మీదికి పోతాండారు. నేను ఒగన్ని ఏం జేసేది సార్?"

"పాలతో రాదప్పా. నీళ్ళతో రాదు, గాలితో రాదు. పోయి చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటా, ముందు పోయి చెప్పు."

అవతల ఫోన్ పెట్టేశారో, కింద పడేశారో తెలియదు. గొంతులు మాత్రం ఇంకాసేపు వినబడి ఆగిపోయాయి.

స్టేషన్‌లో కేసు కాగితాలు రాసే రైటరు టేబుల్ దగ్గర కూర్చుని రిసీవరు చెవికి ఆనించి ఉన్నాడు. మంచివాడని పేరున్న మనిషి. రాయుడు వచ్చి ఫోన్ మీద చెయ్యి వేసి లైను కట్ చేస్తే, అతనికి బాధ కలిగింది.

"యాల సార్ అట్ల చేసినారు? సి.ఐ. గారు సాయంత్రంలోపల అందరికీ చెప్పేయమన్న్యారు. ఎవుర్నీ కసరలేదు సార్ నేను. అమ్మా, అయ్యా అనే మాట్లాడినాను. ఇది ఒకటి అయిపోతే అన్నీ అయిపోయినట్టే."

లోపలి గది నుంచి అరుణ్ కుమార్ వచ్చాడు. రాయుడు అతని చొక్కా పట్టుకున్నాడు. ఒకప్పటి శిష్యుడు విడిపించుకోలేదు. ఏం జరిగిందో అతనికి ఇంకా అర్థం కాలేదు. చౌడేపల్లె పక్క పల్లెలో ఒక ఇంటి మీదికి ఊరు పోతోందని, జీపు ఇమ్మని రాయుడు ఎలాగో చెప్పగలిగాడు.

టేబుల్ మీది ఫోన్ మోగింది. రైటరు ఎత్తి విన్నాడు. "ఊఁ" అన్నాడు, మళ్ళీ "ఊఁ" అన్నాడు. రిసీవరు మీద అరచెయ్యి పెట్టి సి.ఐ. వైపు చూశాడు.

"చౌడేపల్లె స్టేషన్ సార్. పాల కేంద్రం సెక్రెటరీ ఫోన్ చేస్తే మనోళ్ళు ఇద్దరు ఆ పల్లెకు పోయినారంట. జనాన్ని తరిమినారంట. ఇంటికి ఏమీ కాలేదంట."

రాయుడి చెయ్యి చొక్కా మీద నుంచి జారింది. గుమ్మంలో నిలబడిన యమున అలాగే గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

"ఇంట్లో ముసలామె ఒకతే ఉండాదంట సార్" అన్నాడు రైటరు. "ఆవును కట్టు విప్పి వదిలేసి ఉండారంట. ఆయమ్మా లేదు, బిడ్డా లేదు. యాడికి పోయినారో ఎవురికీ తెల్దంట."

అరుణ్ కుమార్ జీపు తాళం తీసి రాయుడి చేతిలో పెట్టాడు. బయట చీకటి పడుతోంది.